ముందు ఊపిరి లెక్కపెట్టండి

(గర్భిణుల్లో, బాలింతల్లో వచ్చే సెప్సిస్ గురించి విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఆశా కార్యకర్తలు, నర్సింగ్ విద్యార్థులు, ఇతర శ్రోతల ఎదుట ఒక ప్రసూతి వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రసంగానికి ముందు ఒక చిన్న పని చేద్దాం. చేతికి గడియారం ఉన్నవాళ్ళు సెకన్ల ముల్లు చూడండి, లేనివాళ్ళు ఫోను తీయండి. మీ పక్కన కూర్చున్నవారు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తున్నారో లెక్కపెట్టండి. మొహం వైపు చూడకండి, భుజం వైపు చూడండి. మొదలుపెట్టండి.

అయిందా? పద్నాలుగు అన్నారు ఇటువైపు. పదహారు. అక్కడ ఎవరో తొమ్మిది అంటున్నారు, ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టారు. నిజానికి మీ లెక్కలన్నీ తప్పే, ఎందుకంటే ముందే చెప్పేశాను. తమ ఊపిరిని ఎవరో చూస్తున్నారని తెలిస్తే అది మారిపోతుంది. అందుకే మేము నాడి పట్టుకున్నట్టు నటిస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. కానీ ఒకటి గమనించారా, నిమిషం ఎంత పొడుగో? నలభై మంది ఉన్న వార్డులో అది మరీ పొడుగు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ప్రతి కేస్ షీట్‌లోనూ ఊపిరి గడిలో 20 అని రాసేదాన్ని. బీపీ చూసేదాన్ని, నాడి చూసేదాన్ని, థర్మామీటరు పెట్టేదాన్ని. ఊపిరి మాత్రం ఊహించేదాన్ని. 16 అని రాస్తే చూసి రాశావా అని అడుగుతారు, 26 అని రాస్తే ఏం చేశావని అడుగుతారు. 20 అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. నా ముందువాళ్ళూ అదే రాశారు, నా తరువాతివాళ్ళూ అదే రాశారు. పాత కేస్ షీట్లు తిరగేస్తే మన దేశంలో మనుషులందరూ నిమిషానికి సరిగ్గా ఇరవైసార్లు ఊపిరి పీల్చి బతికారనిపిస్తుంది.

అలాంటి ఒక 20 గురించి చెబుతాను. ఏ ఆసుపత్రి, ఏ సంవత్సరం అన్నది వదిలేయండి. భీమిలి అవతల ఒక తీరగ్రామం నుంచి ఇరవై రెండేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. మామూలు కాన్పు, నాలుగో రోజు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. ఒళ్ళు పెద్దగా కాలడం లేదు, 99 డిగ్రీలు. నాడి 118. బీపీ 100కి 60, సన్నటి మనిషి కాబట్టి ఆమెకు అంతే ఉంటుందిలే అనుకున్నాను. ఊపిరి 20, అంటే నేను రాసిన 20. ఆమె తల్లి నా వెనకాలే తిరుగుతూ ఒకే మాట అంటోంది. "డాక్టరమ్మా, పొద్దున్నుంచి బిడ్డను అడగలేదు." చేతికిస్తే పాలిస్తోంది, తీసేసుకుంటే ఊరుకుంటోంది. తనంతట తాను మాత్రం అడగడం లేదు. నీరసంగా ఉందమ్మా, పడుకోనివ్వండి అన్నాను.

సాయంత్రానికి మూత్రం సంచిలో ముదురు టీ రంగులో అడుగున కాస్త ఉంది. తెల్లవారేసరికి బీపీ అందలేదు. మరునాటి రాత్రి ఆమె చనిపోయింది. గర్భసంచిలో చిన్న మాయ ముక్క ఉండిపోయింది, అక్కడ మొదలైంది. నేను రాసిన 20 ఆ కాగితం మీద అలాగే ఉంది. ఆమె నిమిషానికి ముప్పైసార్లు పీలుస్తూ ఉండి ఉంటుంది. ఉండి ఉంటుంది అనే చెప్పగలను, లెక్కపెట్టలేదు కదా.

దీన్ని సెప్సిస్ అంటారు. పత్రికల్లో రక్తం విషమైంది అని రాస్తారు. ఆ మాట సగమే నిజం. చాలామంది రోగుల్లో రక్తాన్ని కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు పంపితే అందులో సూక్ష్మజీవి దొరకనే దొరకదు. మనిషిని పడగొట్టేది సూక్ష్మజీవి ఒక్కటే కాదు, దాన్ని తరమడానికి ఒళ్ళు చేసే హంగామా కూడా. ఇన్‌ఫెక్షన్ ఒక చోట ఉంటుంది, గర్భసంచిలోనో మూత్రపిండంలోనో. వాపు మాత్రం ఒళ్ళంతా రేగుతుంది. వేలికి ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, నీరు చేరుతుందే, అదే పని ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో, కాలేయంలో, మెదడులో జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి.

విశాఖవాళ్ళకు దీన్ని వివరించడం నాకు తేలిక. 2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ తుపాను వెళ్ళిపోయిన మరునాడు ఊరినిండా నీళ్ళు, కుళాయిలో చుక్క లేదు. చెట్లు రోడ్లకు అడ్డంగా పడ్డాయి, సాయం చేయడానికి బయలుదేరిన బండ్లు ఆ చెట్ల దగ్గరే ఆగిపోయాయి. సెప్సిస్‌లో ఒంట్లో జరిగేది దాదాపు ఇదే. రక్తనాళాల లోపలి పొర చిల్లులు పడ్డట్టు కారుతుంది. నీరంతా కండల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు, మొహం ఉబ్బుతాయి, నాళాల్లో మాత్రం నీరు ఉండదు, బీపీ పడిపోతుంది. చిన్న చిన్న నాళాల్లో రక్తం గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. గడ్డకట్టే సరుకంతా అలా ఖర్చయిపోయాక, ఇంకోచోట రక్తం కారడం మొదలైతే ఆగదు.

ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు. మరి గర్భిణుల గురించి ప్రత్యేకంగా ఎందుకు మాట్లాడాలి? గర్భిణి ఒళ్ళు జబ్బును దాచిపెడుతుంది కాబట్టి. నాకు ఇవాళ ఎక్కువ సమయం కావలసింది ఈ ఒక్క విషయానికే.

గర్భం వచ్చాక ఒంట్లో రక్తం నలభై, యాభై శాతం దాకా పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాడి పది ఇరవై ఎక్కువ ఉండటం మామూలే. బీపీ నడిమి నెలల్లో కొంచెం తగ్గుతుంది. తెల్లకణాలు మామూలు మనిషిలో 11,000 దాటితే మేము కనుబొమలు ఎగరేస్తాం. గర్భిణిలో 15,000 ఉన్నా జబ్బు అనలేం, నొప్పుల సమయంలో 25,000 దాకా పోయినా ఒక్కోసారి ఏ జబ్బూ ఉండదు. నొప్పులు పడుతున్నప్పుడు రక్తంలో లాక్టేటు అనే ఆమ్ల పదార్థం కూడా పెరుగుతుంది. అంటే మేము మామూలు రోగిలో ఏ గుర్తులు చూసి ఉలిక్కిపడతామో అవన్నీ గర్భిణిలో ముందే సగం మారిపోయి ఉంటాయి. దాంతో ఏది చూసినా "గర్భిణి కదా, ఇంతే" అనిపిస్తుంది. పైగా ఆమె ఒంట్లో అదనంగా రక్తం ఉంది, వయసు చిన్నది, గుండె గట్టిది. చాలాసేపు తట్టుకుంటుంది. తట్టుకుని తట్టుకుని ఒక్కసారిగా కూలిపోతుంది. బీపీ పడిపోయేదాకా ఆగి అప్పుడు పరిగెత్తితే చాలా ఆలస్యం చేసినట్టే.

మారనిది ఒకటి ఉంది. అదే ఊపిరి లెక్క. గర్భిణి ప్రతి ఊపిరినీ కాస్త లోతుగా తీసుకుంటుంది గానీ, నిమిషానికి ఎన్నిసార్లు అన్నది దాదాపు మారదు. నిండు నెలల్లో ఆయాసంగా ఉందమ్మా అంటారు, నిజమే, ఆ అనుభూతి ఉంటుంది. కానీ కూర్చోబెట్టి లెక్కపెడితే 16, 18 దగ్గరే ఉంటుంది. అందుకని 25 వచ్చిందంటే దాన్ని గర్భం మీదికి నెట్టేయడానికి వీల్లేదు.

ఎందుకు పెరుగుతుందో కూడా చెబుతాను, తెలిస్తే మరిచిపోరు. కణాలకు ప్రాణవాయువు అందకపోతే ఆమ్లం పేరుకుంటుంది. దాన్ని సరిదిద్దడానికి ఒళ్ళు కార్బన్ డయాక్సైడును ఊదేస్తుంది, అంటే గబగబా ఊపిరి తీస్తుంది. గర్భిణి ఆ వాయువును ముందే లోతైన ఊపిరితో ఊదేసుకుంటూ ఉంటుంది. దానికి సరిపడా రక్తంలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు కూడా తగ్గి ఉంటుంది. అంటే ఆమ్లాన్ని తట్టుకోవడానికి ఆమె దగ్గర నిల్వ తక్కువ. మామూలు మనిషి కన్నా ముందే దమ్ము పెరగాలి. పెరుగుతుంది కూడా. చూసేవాళ్ళే ఉండరు.

బీపీలో పై అంకె 90 కన్నా తక్కువ, ఊపిరి నిమిషానికి 25 లేదా అంతకన్నా ఎక్కువ, మనిషి ధోరణిలో తేడా. ఈ మూడింటిలో రెండు కనిపిస్తే సెప్సిస్ అనుకుని కదలమని గర్భిణుల కోసం తయారుచేసిన ఒక సూత్రం ఉంది. మూడో గుర్తు చూడండి. ధోరణిలో తేడా. ఆ తల్లి నాకు నాలుగుసార్లు చెప్పింది అదే. బిడ్డను అడగలేదు. ఏ యంత్రమూ పట్టుకోలేని సంగతి ఆమె పట్టుకుంది, నేను నీరసం అని పేరు పెట్టాను.

మన ఇళ్ళలో ఇంకా చాలా పేర్లు ఉన్నాయి. మూడో రోజు జ్వరం వస్తే పాలు పడే జ్వరం అంటారు. పాలు పడేటప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడటం నిజమే, అది ఒక్క రోజులో పోతుంది, దుప్పటి కప్పినా ఆగని వణుకు రాదు. మూత్రం రావడం లేదంటే, బాలింతకు నీళ్ళు తక్కువ ఇస్తున్నాం కదా అంటారు. అసలు అలా నీళ్ళు తగ్గించడమే తప్పు, అది వేరే ప్రసంగం. పలవరిస్తుంటే దిష్టి అంటారు. ఒకప్పుడు పెద్దవాళ్ళు సన్నిపాతం అనేవారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. వాత పిత్త కఫాలు మూడూ ఒకేసారి చెడితే సన్నిపాతం అన్నారు. ఒక్క అవయవం కాదు, మనిషి మొత్తం చెడిందని వాళ్ళకు తెలుసు. మందు తెలియదు, అంతే.

మందు ఎవరికీ తెలియదు లెండి. 1923లో మన కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, తలుపులు తెరిచిన నాడు బాలింతలకు వచ్చే ఈ జ్వరానికి పనిచేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. 1936లో లండన్‌లో కోల్‌బ్రూక్ అనే వైద్యుడు సల్ఫా జాతి మందు ఇచ్చి బాలింతలను బతికించిన తరువాతే దారి తెరుచుకుంది. అంతకు తొంభై ఏళ్ళ ముందు వియన్నాలో జరిగిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకే ఆసుపత్రిలో రెండు కాన్పు వార్డులు. ఒకదాంట్లో మంత్రసానులు, రెండోదాంట్లో శవాలను కోసి నేరుగా వచ్చే వైద్య విద్యార్థులు. విద్యార్థుల వార్డుకు పంపవద్దని గర్భిణులు కాళ్ళమీద పడేవారట. 1847 ఏప్రిల్‌లో ఆ వార్డులో నూటికి 18 మంది చనిపోయారు. సెమ్మెల్‌వైస్ అనే అక్కడి వైద్యుడు క్లోరిన్ సున్నం నీళ్ళతో చేతులు కడుక్కోమన్నాక జూన్ నాటికి అది 2 దగ్గరికి వచ్చింది. తోటి డాక్టర్లు మెచ్చుకోలేదు, మా చేతులు మురికివా అని కోప్పడ్డారు. చివరికి 1865లో ఆయన పోయింది కూడా గాయం చెడి ఒళ్ళంతా పాకడం వల్లే.

సెప్సిస్ ఎక్కడి నుంచి మొదలవుతుంది? కాన్పు తరువాత అయితే గర్భసంచి, సిజేరియన్ కుట్లు, గడ్డకట్టిన రొమ్ము. కాన్పుకు ముందు అయితే మూత్రం, ఊపిరితిత్తులు. గర్భంలో మూత్రనాళాలు వదులై, గర్భసంచి నొక్కుడుకు మూత్రం నిలుస్తుంది, కుడివైపు ఇంకా ఎక్కువ. మంట లేకుండా, ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండవచ్చు. వదిలేస్తే కొందరిలో అది కిడ్నీకి ఎక్కుతుంది. అందుకే ఏ బాధా లేకపోయినా మూత్ర పరీక్ష చేయించమంటాం. ఉమ్మనీరు ముందే పోయి గంటలు గడిస్తే, వాసన వస్తే, ఇంట్లో కూర్చోకూడదు. ఇక బాలింతను చూడటానికి వచ్చే చుట్టాలు. గొంతు నొప్పి తెచ్చే ఒక రకం స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా, పచ్చి బాలింతకు చేరితే గంటల్లో ప్రాణం తీయగలదు. గొంతు నొప్పితో ఉన్న పెద్దమ్మ గుమ్మం దగ్గరి నుంచే దీవించి వెళ్ళిపోతే మంచిది. అలుగుతుంది, అలగనివ్వండి.

మన ఏజెన్సీ సంగతి వేరు. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి జ్వరంతో గర్భిణి వస్తే మలేరియా చూస్తాం, డెంగీ చూస్తాం. స్క్రబ్ టైఫస్ మరిచిపోతాం. తుప్పల్లో ఉండే నల్లి జాతి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, నొప్పి ఉండదు, కాబట్టి ఆమె చెప్పదు. చంకలో, రొమ్ము కింద, గజ్జల్లో, నడుం దగ్గర ఉంటుంది. చీర తీయించి చూస్తేనే కనబడుతుంది. ఒకసారి డోలీలో కొండ దిగి, ఆ తరువాత అంబులెన్సులో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చిన ఏడో నెల గర్భిణికి, మూడు చోట్ల చూశాక, నాలుగో చోట మా నర్సు దుస్తులు మారుస్తూ రొమ్ము కింద ఆ పొక్కు చూసింది. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం, రెండు రోజుల్లో జ్వరం దిగింది. పొక్కును చూసింది డాక్టర్లు కాదు, అది మీరు రాసుకోండి. పొక్కు లేకపోయినా ఆ జబ్బు ఉండవచ్చు, అదీ రాసుకోండి.

వైద్యం గురించి క్లుప్తంగా. అనుమానం వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ నరానికి ఎక్కాలి. దానికి ముందు కల్చర్‌కు రక్తం తీయాలి, కానీ దాని కోసం మందు ఆపకూడదు. సెలైను ఇవ్వాలి, అయితే ఆగి ఆగి, ఊపిరితిత్తులు వింటూ ఇవ్వాలి. గర్భిణి ఊపిరితిత్తుల్లోకి నీరు త్వరగా చేరుతుంది. ఇరవై వారాలు దాటితే ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా ఉంటే గర్భసంచి పెద్ద సిరను నొక్కి గుండెకు రక్తం తిరిగి రానివ్వదు. చీము ఉంటే తీయాలి, మాయ ముక్క ఉంటే తీయాలి. పుండును లోపలే ఉంచి ఎంత ఖరీదైన ఇంజెక్షన్ ఇచ్చినా బూడిదలో పోసిన పన్నీరే. ఇంకొకటి, మెడికల్ షాపులో రెండు రోజులకు నాలుగు మాత్రలు కొనుక్కుని వేసుకుని వస్తారు. జబ్బు తగ్గదు, కల్చర్ పాడవుతుంది, సూక్ష్మజీవి రాటుదేలుతుంది.

సినిమాల్లో డాక్టరు బయటికి వచ్చి తల్లి కావాలా బిడ్డ కావాలా అని అడుగుతాడు. ఇన్నేళ్ళలో నేను ఎవరినీ అలా అడగలేదు. బిడ్డకు ప్రాణవాయువు ఇచ్చేది తల్లి రక్తమే. ముందు తల్లిని నిలబెట్టాలి, అదే బిడ్డకు వైద్యం. ఇన్‌ఫెక్షన్ గర్భసంచిలోనే ఉంటే మాత్రం కాన్పు చేయక తప్పదు, ఎన్నో నెల అయినా సరే.

2012లో ఐర్లండ్‌లోని గాల్వేలో సవిత హలప్పనవర్ చనిపోయింది ఈ చిక్కుముడిలోనే. బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు, పదిహేడో వారం. గర్భం నిలవదని తెలిసినా బిడ్డ గుండె కొట్టుకుంటోందని ఆగారు. గర్భం తీసేయడాన్ని అడ్డుకున్న అక్కడి చట్టం గురించి ప్రపంచమంతా మాట్లాడింది, మాట్లాడవలసిందే, 2018లో ఆ నిబంధన పోయింది. కానీ విచారణ నివేదికల్లో ఇంకో మాట కూడా ఉంది, ఆమెను తగినట్టుగా కనిపెట్టి చూడలేదని. నర్సింగ్ పిల్లలు ఆ భాగం కూడా తెలుసుకోవాలి.

కొత్త సంగతులు రెండు. నొప్పులు వచ్చాక రెండు గ్రాముల అజిత్రోమైసిన్ ఒక్కసారి మింగిస్తే తల్లుల్లో సెప్సిస్ లేదా మరణం 2.4 శాతం నుంచి 1.6కు తగ్గిందని 2023లో ఏడు దేశాల పరిశీలన తేల్చింది, మన దేశమూ అందులో ఉంది. మంచి ఫలితమే. అయినా అందరికీ మింగించేస్తే రేపు ఆ మందు పనిచేస్తుందా అని నాకు భయం ఉంది. రెండోది మలావీ, ఉగాండాల్లో చేసినది. అక్కడ కొత్త మందు లేదు. చేతులు కడుక్కోవడం, కొలతలు సమయానికి చూడటం, గుర్తుపట్టగానే చేయవలసినవి వరసగా చేయడం. ఇన్‌ఫెక్షన్ వల్ల తల్లులకు ముంచుకొచ్చే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గింది. నాకు ఇది ఎక్కువ నచ్చింది.

మన రాష్ట్రంలో 2018-20 లెక్కల ప్రకారం బతికి పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 45, దేశం మొత్తానికి 97. సంతోషించవలసిన మాటే. అయితే సగటు అనేది బీచ్ రోడ్డునూ పాడేరు కొండనూ కలిపి తీసిన లెక్క.

ఇక ప్రశ్నలు. చెప్పండమ్మా.

పురిటి స్నానం అయిపోయాక కూడా భయం ఉందా అంటున్నారు. ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఇచ్చిన నిర్వచనం 42 రోజుల దాకా లెక్క వేస్తుంది. గర్భస్రావం అయినవాళ్ళూ అందులోకే వస్తారు. వాళ్ళ ఇంటికి మాత్రం ఎవరూ వెళ్ళి చూడరు, మీరు వెళ్ళండి.

వెనక నుంచి, గట్టిగా చెప్పండి. సరే, అర్థమైంది. పై ఊరికి పంపేటప్పుడు సిగ్నల్ ఉండదు, ముందు ఫోను చేయలేం, ఏం చేయాలి అంటున్నారు. పీహెచ్‌సీలో మొదటి డోసు యాంటీబయాటిక్ ఇప్పించండి, బండి ఎక్కాక కాదు, ఎక్కకముందే. ఒక కాగితం మీద సమయం వేసి నాడి, బీపీ, ఊపిరి, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఇచ్చిన మందు ఏమిటి రాయండి. కాగితం చేతికిస్తే పోగొడతారు, తల్లీబిడ్డల కార్డుకు పిన్ను కొట్టండి. ఇంటివాళ్ళు ఏమన్నారో అది కూడా వాళ్ళ మాటల్లోనే రాయండి, బిడ్డను అడగలేదు అంటే బిడ్డను అడగలేదు అనే రాయండి. ఊపిరి గడిలో మాత్రం 20 కనబడిందంటే నేను మీకు ఫోను చేసి అడుగుతాను, లెక్కపెట్టారా అని.